దారి చూపే దీపానికి చమురు

మారేడుమిల్లి అడవిదారిన మోటారు సైకిలు మీద భద్రాచలం వెళ్తానంటే మా యింట్లో యెవ్వరూ ఒప్పుకోలేదు. "నలభై ఆరేళ్ళ వయసులో యీ వేషాలేమిటండీ? హాయిగా బస్సులో పోరాదూ?" అన్నది మా ఆవిడ.

పోవచ్చు. కాని మా నాన్నగారు వెనకటికి చింతూరులో గుమాస్తాగా వున్న రోజుల్లో తిరిగిన దారి అది. ఆయన ఆబ్దికం భద్రాచలంలో మా తమ్ముడి యింట. ఆ నెపాన ఆ దారి ఒకసారి నా కళ్ళతో చూడాలని నా కోరిక.

మా బావమరిది మాత్రం నా పక్షం. ఒక జి.పి.యస్. యంత్రం తెచ్చి నా బండి హేండిలుకు బిగించాడు. "బావా, అడవిలో సెల్‌ఫోనుకు సిగ్నలు అందదు. దీనికి ఆ బెంగ లేదు. పటం దీని కడుపులోనే వుంది. మనం యెక్కడున్నామో ఆకాశమే చెబుతుంది" అన్నాడు.

ఆ మాట అబద్ధమేమీ కాదు. అమెరికా వారు యీ రకం ఉపగ్రహాన్ని మొదటిసారి 1978లో పంపారు. 1995 నాటికి 24 ఉపగ్రహాలతో ఆ యేర్పాటు పూర్తయింది. అవి భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుతూ నిమిషనిమిషానికీ కాలం చాటుతూ వుంటాయి. నాలుగింటి కబురు అందితే చాలు, యంత్రం మన వునికిని లెక్క కట్టేస్తుంది. 2013 జూలై 1న మన శ్రీహరికోట నుంచి యెగిరిన ఉపగ్రహంతో మనదేశం కూడా యీ విద్యలో అడుగుపెట్టింది. అన్ని ఆమడలు దాటి చెక్కుచెదరకుండా వచ్చే కబురు, నా బండిలోని రెండు మూరల తీగ దగ్గర ఆగిపోగలదని నాకప్పుడు తెలియదు.

రాజమహేంద్రవరంలో మధ్యాహ్నం బయలుదేరి, రంపచోడవరం మీదుగా చీకటి పడే వేళకు మారేడుమిల్లి చేరాను. సన్నని తుంపర. రోడ్డు పక్కన వెదురుబొంగుల్లో కోడిమాంసం కాలుస్తున్న ఘుమఘుమలు. తెల్లవారితే ఆబ్దికం! రెండు అరటిపళ్ళతో సరిపెట్టుకొని, యంత్రం తడవకుండా దానిమీద ప్లాస్టిక్ సంచీ కప్పాను. సంచీలోపల అది మిణుగురు పురుగులా వెలుగుతూ వుంటే ముచ్చటపడి, వెళ్ళి పడుకొన్నాను.

తెల్లవారి ఆరు గంటలకు తాళం తిప్పి మీట నొక్కాను. టక్కుమన్నది, అంతే. మళ్ళీ నొక్కాను. మళ్ళీ టక్కు. గుండె జారిపోయింది. యింకా 100 కిలోమీటర్లకు పైగా దారి వున్నది. నేను పెద్దకొడుకును. నేను వెళ్ళనిదే కార్యం మొదలుకాదు. అమ్మ గుమ్మంలో కూర్చుని యెదురుచూస్తూ వుంటుంది.

బండి తోసుకొంటూ వెళ్తే ఒక చిన్న దుకాణం కనబడింది. ఇరవై యేళ్ళ కుర్రవాడు పంక్చరు వేస్తున్నాడు. సీటు యెత్తి చూసి నవ్వాడు.

"మాస్టారూ, తీగ తిన్నగా బేటరీకే కట్టేశారండి. తాళం తీసేసినా యిది మేస్తానే వుందండి. మీరు పడుకున్నారు గానీ, యిది పడుకోలేదండి."

అతడు చెప్పగా బోధపడింది. బండి బేటరీ 12 వోల్టులు. యంత్రానికి కావలసినవి 5 వోల్టులు. మధ్యనున్న చిన్న కన్వర్టరు ఆ పన్నెండును అయిదుకు దించుతుంది. అదీ యిదీ కలిసి తీసుకొనేది గట్టిగా అర యాంపియరు. కొంచెమే గదా అనిపిస్తుంది. కాని పది గంటలు తాగితే అయిదు. నా బేటరీలో పట్టేదే తొమ్మిది, అదీ పాతబడింది. యింజను తిరుగుతున్నంతసేపూ గాదెలో ధాన్యం పడుతూనే వుంటుంది. యింజను ఆగితే తినడమే గాని పోయడం లేదు.

"యింకోటండి, ఫ్యూజే లేదు. యీ తీగ యెక్కడైనా వొరుసుకుని యినుముకు తగిలిందనుకోండి, మంటేనండి!"

నాకు చెమటలు పట్టాయి. అరగంటలో అతడు అంతా విప్పి మళ్ళీ కట్టాడు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగ నుంచి యంత్రానికి యిచ్చాడు. కరెంటు బయలుదేరేచోటనే చిన్న ఫ్యూజు వేశాడు. దూరంగా వేస్తే ఆ మధ్యనున్న తీగకు కాపలా వుండదట. తీగను పొగగొట్టం వేడికి దూరంగా, పెట్రోలు టాంకు కింద నుంచి తెచ్చి, హేండిలు అటూ యిటూ తిరిగినా లాగుకోకుండా కొంత వదులు వుంచాడు. తరువాత బండిని పల్లానికి తిప్పి, రెండో గేరులో వేయించి, వెనకనుంచి తోసి "క్లచ్చి వదలండి!" అని అరిచాడు. స్టార్టరు తిప్పే సత్తువ లేకపోయినా, నిప్పురవ్వకు చాలినంత బేటరీలో మిగిలి వున్నది. యింజను ఒక్కసారిగా అందుకొన్నది. డబ్బులిస్తే యెంతో కూడా చూడకుండా జేబులో వేసుకొని, "దారిలో మటుకు ఆపకండి మాస్టారూ" అని హెచ్చరించాడు.

ఆపలేదు. జలతరంగిణి చప్పుడు చెవిన పడింది గాని కంటపడలేదు. ఘాటు మలుపులన్నీ యంత్రం ముందుగానే చూపిస్తూ వచ్చింది. చింతూరు కూడలిలో ఒక దారి ఛత్తీస్‌గఢ్‌లోని కుంటకు, ఒకటి భద్రాచలానికి. యంత్రం చూపిన వైపు తిరిగాను. నాన్నగారు పనిచేసిన వూరు అలా రెండు నిమిషాల్లో వెనకబడిపోయింది. చూడాలని వచ్చినవాణ్ణి, చూడకుండానే దాటిపోయాను.

పదకొండున్నరకు చేరాను. బ్రహ్మగారు అప్పటికే పీటలు వేయించారు. కార్యం సక్రమంగా జరిగింది.

సాయంత్రం అమ్మకు జరిగినదంతా చెప్పాను. విని, "ఒరేయ్, మీ నాన్న రాత్రి పడుకోబోయేముందు టార్చిలైటులో ఒక బేటరీ తిరగేసి పెట్టేవారు, గుర్తుందా? తెలియక మీట నొక్కుకుపోయినా వెలగకూడదని. ఆ అడవిలో ఆయనకు అదే దిక్కు" అన్నది.

గుర్తున్నది. చిన్నప్పుడు ఆ టార్చి వెలగక యేడ్చినవాణ్ణి నేనే.

తిరుగు ప్రయాణంలో చింతూరులో గంటసేపు ఆగాను. బండి తాళం తీయగానే యంత్రం వెలుగు తానే ఆరిపోయింది.