గెలిచిన రోజే లెక్క చూసుకోవాలి

మొన్న మన యానాం అమ్మాయిలు బాస్కెట్‌బాల్‌లో గెలిచినందుకు క్లాసులన్నీ ఒకటే సందడి. అవతలి జట్టు స్కోరు మన స్కోరులో సగం కూడా లేదు. సంతోషమే. కానీ "మనవాళ్ళు ఎంత మెరుగయ్యారో!" అని అందరూ అంటుంటే నాకు కొంచెం భయం వేసింది. ఎదుటివాళ్ళు కొత్తగా బంతి పట్టినవాళ్ళని చూస్తేనే తెలుస్తోంది. ఆ తేడాలో మన బలం ఎంత, వాళ్ళ అనుభవలేమి ఎంత?

మన దేశ మహిళల జట్టు 2017లో బెంగళూరులో ఆసియా కప్ డివిజన్-బి ఫైనల్లో కజకిస్తాన్‌ని 75-73తో ఓడించి పై డివిజన్‌కి ఎక్కింది. 2019లో అదే ఊళ్ళో జపాన్ చేతిలో 27-103తో ఓడిపోయింది. రెండు పాయింట్ల గెలుపే మెట్టు ఎక్కించింది. ఆ మెట్టు మీద ఆట ఎంత కష్టమో తర్వాతి స్కోరు చెప్పింది.

అందుకే నాకు తేడా కన్నా ఫ్రీ త్రో మీద నమ్మకం. బోర్డుకి 4.6 మీటర్ల దూరంలో గీత, 3.05 మీటర్ల ఎత్తులో రింగు, అడ్డొచ్చేవాళ్ళు లేరు. ఎదుట ఏ జట్టున్నా అది మారదు. మొన్న మనవి చాలా రింగుకి తగిలి బయట పడ్డాయి. ఆట చేతికొచ్చాక కూడా బెంచీ మీద కూర్చున్న ఇద్దరు జూనియర్లకి చివరి రెండు నిమిషాలే దక్కాయి. అలాంటి రోజు కాకపోతే వాళ్ళు ఇంకెప్పుడు నేర్చుకుంటారు?

కాకినాడ జట్లతో ఆడాల్సి వస్తే వాళ్ళు ఇంత తేలిగ్గా వదలరు. రోజూ సాయంత్రం ఎవరు ఎన్ని ఫ్రీ త్రోలు వేశారో, ఎన్ని పడ్డాయో ఒక నోట్‌బుక్కులో రాద్దాం. రాసే పని నాది.