తిత్తిపడవతో దివిసీమ

కృష్ణాతీరమున బుట్టి పెరిగిన మనలో నదిని రేవునుండి చూడనివారు లేరు. నది నడుమనుండి రేవును చూచినవారు మాత్రము మిక్కిలి కొలదిమంది. బిందె ముంచుటకును, కార్తికదీపము విడుచుటకును, పుష్కరస్నానమునకును మెట్లవఱకే మన పరిచయము. ఆవలి నీరు పడవవారిదని యూరకుందుము.

పూర్వ మిట్లుండలేదు. 1855 నాటికి బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా కాలువలలో పడవలు విరివిగా నడచెడివి. గట్టుమీద మనుష్యులు త్రాడు పట్టి లాగుచుండగా, లాకులకడ నాగుచు, కుటుంబములు పడవలోనే వండుకొని, నిదురించి, బంధువుల యూళ్లకు పోయెడివారు. ఇల్లును, బండియు, పడవయు నొక్కటియే. రైళ్లును బస్సులును వచ్చిన మీదట ఆ ప్రయాణము లంతరించినవి. ఇప్పుడు వ్యానులో వంటయిల్లును, సంచిలో పడవను పెట్టుకొని పోవువారు ఆ పాత సౌఖ్యమును వేఱొక రూపమున మరల దెచ్చుకొనుచున్నారు.

ఈ పడవను కయాక్ అందురు. ధ్రువప్రాంతపు ఇన్యూట్ జనులు సీలు చర్మముతో జేసికొనిన వేటపడవ దీనికి మూలము. గాలి నింపి తేలు విద్య యింకను బ్రాచీనమైనది. అస్సీరియా శిలాఫలకములందు తోలుతిత్తులపై నది నీదు సైనికులు కానవచ్చుచున్నారు. అందుచేతనే మా పిల్లలు దీనికి తిత్తిపడవ యని పేరిడిరి. ఇది దృఢమైన ప్లాస్టిక్ గుడ్డతో జేయబడినది. రెండు ప్రక్కలను, అడుగునను వేర్వేఱు గాలిగదు లుండును. ఒకదానికి చిల్లిపడినను తక్కినవి తేల్చును. మడిచినచో పరుపుచుట్టంత, కాలిపంపుతో నూదిన కొంతసేపటికే ఇద్దఱు కూర్చుండదగిన పడవ యగును. తెడ్డునకు రెండు కొనలను ఱెక్కలుండును.

సంక్రాంతి సెలవులలో మా మరిదిగారు వంటకును పడకకును వసతిగల వ్యానొకటి అద్దెకు దెచ్చిరి. కూచిపూడినుండి చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ చేరితిమి. ఇచటనే కృష్ణ రెండు పాయలై దివిసీమను కౌగిలించుకొనును. అక్విడక్టుమీదుగా కాలువనీరు నదీపాయను దాటి సీమలోనికి బోవుట చూచి పిల్లలు “నదిమీద నదియా!” యని విస్తుపోయిరి. రాత్రి అవనిగడ్డలో నిలిచి, వ్యానులోనే పులిహోరయు పెరుగన్నమును భుజించి, తెల్లవాఱి నాగాయలంక రేవునకు బోయితిమి.

అచట వల బాగుచేసికొనుచున్న వృద్ధుని “తాతా, ఇప్పుడు దిగవచ్చునా?” యని యడిగితిమి. “పోటు మీద పొండమ్మా, పాటు తీయకముందే తిరగండి” అనెను. ఆ యొక్క మాటలో శాస్త్రమంతయు నున్నది. సముద్రపు పోటు ఈ పాయలోనికి నెక్కును. పాటు వచ్చినపుడు నీరు తీసి అంచులందు బురద బయలుపడును. బురదలో నాటుకొనిన ముత్యపుచిప్పలును, మడచెట్ల ఊపిరివేళ్లును తిత్తిని చీల్చగలవు. ఇది తేలికయైన పడవ గనుక గాలికి గొట్టుకొని పోవును. కావున ముందు గాలికెదురుగా బోయి, అలసిన పిమ్మట గాలివాటున మరలవలెను. మా ఇంటివారు గట్టుననే యుండి గడియారము చూచుచుండిరి.

మా పెద్దపిల్ల కూచిపూడి నాట్యము నభ్యసించుచున్నది. ఇత్తడిపళ్లెరపు అంచున నిలిచి తరంగమాడు కాళ్లకు నీటి తరంగము క్రొత్త కాలేదు. నడుము నిలిపి, భుజములు సడలించి, క్షణములో పడవను తన వశము చేసికొనెను. ఆ నాట్యమును తరతరములు పురుషులే యాడిరి గదా, సత్యభామయు పురుషుడే. వెంపటి చినసత్యంగారు 1963లో మదరాసున అకాడమీ స్థాపించి యెందఱో ఆడపిల్లలకు నేర్పిరి. నేడది స్త్రీల విద్యగా నెల్లరకు దోచుచున్నది. తెడ్డు మాత్ర మేల మన చేతికి రాకూడదు?

మా తోడికోడలి పుట్టినిల్లు కోడూరు ప్రాంతము. 1977 నవంబరు 19 నాటి యుప్పెన దివిసీమలో వేలాదిమందిని పొట్టనబెట్టుకొన్నది. వారి యింటను దీపము లాఱినవి. నాటినుండి ఆ యింట ఆడపిల్లలను నీటిదరికి బోనీయరు. ఉప్పెనను ఏ తెడ్డును ఆపజాలదు. హెచ్చరిక వినినతోడనే సురక్షితమైన చోటికి జేరుటయే దానికి మార్గము. కాని ఆ రాత్రి భయము నిత్యము మన ముందు పాఱు నీటినిగూర్చి యజ్ఞానముగా మాఱరాదు. పిల్లలు మరలివచ్చుట చూచి, ఆమె తానే రక్షణకవచము తొడిగికొని మా ముందు గూర్చుండెను. నూఱు గజములు పోయినపిదప, “అక్కా, ఇక్కడినుండి చూస్తే ఒడ్డు ఎంత దగ్గరగా ఉంది!” అనెను. తిరిగి వచ్చువఱకు మఱి మాటాడలేదు.

హంసలదీవికి వ్యానులోనే పోయి సాగరసంగమమునకు నమస్కరించితిమి. అలలున్నచోట తిత్తిపడవ దింపరాదు. మడ యడవులలో అటవీశాఖవారి యనుమతిలేక ప్రవేశింపరాదు. లాకులకును తూములకును దూరముగా నుండవలెను. ఎండకు లోపలిగాలి వ్యాకోచించును గనుక గట్టున బెట్టినపుడు కొంత వదలవలెను. ఉప్పునీట దిగిన పడవను మంచినీట గడిగి, నీడన నాఱబెట్టి మడువవలెను. తడితో మడిచిన బూజుపట్టును. ఒక్కరే పోరాదు, కవచము విప్పరాదు. అన్నిటికంటె ముందు పిల్లలకు ఈత నేర్పుడు. పిమ్మట తెడ్డు చేతికీయుడు.