లక్నవరం ట్రిప్పా? రాత్రి బస ఎక్కడో ముందు తేల్చుకోండి

రీల్‌లో చూస్తే అంతా ఒకేలా ఉంటుంది. చుట్టూ అడవి, మధ్యలో చెరువు, చెరువులో దీవులు, వాటిని కలుపుతూ వేలాడే వంతెన. కింద కామెంట్లలో ‘మన మాల్దీవులు’, ‘మన గ్రీస్’ అని రాసేస్తారు. నిజంగా గ్రీస్‌లోని సాంటోరిని దీవికి వెళ్లేవాళ్లు ముందు తేల్చుకునేది ఒకటే: కొండ అంచున వ్యూ ఉన్న గదికి డబ్బు పెట్టాలా, కింద బీచ్ ఊళ్లో దిగి పైకి వెళ్లి చూసి రావాలా? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి వీకెండ్‌కి బయల్దేరేవాళ్లకూ ఇదే లెక్క పనికొస్తుంది. ఎక్కడ పడుకుంటామన్నదాన్ని బట్టే ఏం చూస్తామన్నది ఉంటుంది.

దీవిలో ఉంటే...
లక్నవరం కాకతీయుల కాలం నాటి చెరువు. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో ఉంది. 2019 వరకు ఇది భూపాలపల్లి జిల్లానే. జనగామ నుంచి వచ్చేవాళ్లు హనుమకొండ మీదుగా 163వ జాతీయ రహదారి పట్టుకోవాలి. మహబూబాబాద్ వాళ్లకు నర్సంపేట, మల్లంపల్లి దారి ఉంది.

పగటిపూట వచ్చేవాళ్లంతా చూసేది వంతెన, బోటింగ్. దీవిలో బస చేసినవాళ్లకు దక్కేది మిగతాది: జనం వెళ్లిపోయాక సాయంత్రం, బోట్ల చప్పుడు మొదలవక ముందు తెల్లవారుజాము. టూరిజం శాఖ హరిత కాటేజీలున్న దీవికి వంతెన మీద నడిచి వెళ్లొచ్చు. 2024 నవంబర్‌లో మూడో దీవిలో మొదలైన రిసార్ట్‌కు మాత్రం బోటే దిక్కు. అందుకే అక్కడ దిగితే ఒక రోజంతా అక్కడే గడపండి. సామాన్లు పడేసి ఊళ్లు తిరుగుదామనుకునేవాళ్లకు అది డబ్బు దండగ.

రామప్ప ఒడ్డున ఉంటే...
గుడి కోసం వచ్చేవాళ్లకు పాలంపేటే బెస్ట్. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడికి దగ్గర్లోనే రామప్ప చెరువు, ఒడ్డున హరిత కాటేజీలు. రాత్రి ఇక్కడ ఆగితే టూరిస్టు బస్సులు రాకముందే, పొద్దుటి ఎండలో శిల్పాలు చూడొచ్చు. లక్నవరాన్ని మరుసటి రోజు చుట్టి రావచ్చు. రెండూ చూడాలి, ఒక్క రాత్రే ఉంది అనుకుంటే నా ఓటు దీనికే.

కాళేశ్వరంలో ఉంటే...
భూపాలపల్లి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు, ఒకే పానవట్టం మీద రెండు శివలింగాలున్న గుడి. తెల్లారి నదీస్నానం, దర్శనం అనుకుంటే రాత్రికే చేరుకోవాలి. మామూలు రోజుల్లో సరే గానీ, శివరాత్రి లాంటి రోజుల్లో గది ఖాయం కాకుండా బయల్దేరొద్దు.

ఇక మహబూబాబాద్ వైపు బయ్యారం చెరువు కూడా కాకతీయులదే. గణపతిదేవుడి సోదరి మైలమ తవ్వించింది. దానికి ఒక సాయంత్రం చాలు. రాత్రికి మానుకోటకే తిరిగి రావచ్చు.

వాన చూసుకొని బుక్ చేయండి
ఈ చెరువులు టూరిస్టుల కోసం తవ్వినవి కావు, పొలాల కోసం తవ్వినవి. వానకాలం చివర నిండుగా ఉన్న నీళ్లు సాగుకు వదిలేకొద్దీ తగ్గుతాయి. మే నెలలో దీవిలో గది తీసుకుంటే రీల్‌లోని నిండు చెరువు కనిపించకపోవచ్చు. డబ్బుకి తగ్గ వ్యూ కావాలంటే వానలు తగ్గాక, అక్టోబర్ నుంచి జనవరి లోపు వెళ్లండి.

నడి వానకాలంలో మాత్రం జాగ్రత్త. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారమే ముత్యంధార జలపాతానికి వెళ్లిన టూరిస్టులు వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకుంటే, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వెళ్లి బయటకు తీసుకొచ్చారు. కాబట్టి వానకాలంలో గది బుక్ చేసేముందు అడగాల్సింది వైఫై ఉందా అని కాదు, హైవేకి గదికి మధ్య వాగు ఉందా అని. ఉంటే ములుగులోనో హనుమకొండలోనో దిగండి. వాన తెరిపిచ్చాక పొద్దున బయల్దేరి, చీకటి పడకముందే వెనక్కి రండి.

ఇంకొకటి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో ఈ హైవే అంతా జాతర బండ్లే. సమ్మక్క సారలమ్మల దగ్గరికి వెళ్తుంటే సరే, లక్నవరం కోసమైతే ఇంకో వారం చూసుకోండి.

బుకింగ్ స్క్రీన్‌షాట్ ఫోన్‌లో పెట్టుకోండి, అడవి దారిలో సిగ్నల్ పోవచ్చు. దీవిలో తాగి పడేసిన నీళ్ల బాటిల్ చివరికి ఆ నీళ్లతోనే ఏదో ఒక రైతు మడిలోకి చేరుతుంది. మీది మీరే వెనక్కి తెచ్చేసుకోండి.