ఖాళీగా ఉండి కూడా ఆలస్యమే

లినక్స్‌లో బుల్లి టెక్స్ట్ ఎడిటర్ తెరుచుకోవడానికి అరనిమిషం పడితే చాలామంది ముందు ర్యామ్‌ని తిట్టుకుంటారు. ఓసారి సిస్టమ్ మానిటర్ చూడండి. సీపీయూ ఖాళీ, డిస్క్ ఖాళీ. ఎవరూ పని చెయ్యట్లేదు, ఎదురుచూస్తున్నారంతే!

ఎవరికోసం? చాలాసార్లు, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ మీద రావాల్సిన జవాబు కోసం. కొన్ని జీటీకే అప్లికేషన్లు విండో చూపించే ముందు డార్క్ థీమా, లైట్ థీమా అని ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్ అనే సర్వీస్‌ని అడుగుతాయి. దాని వెనకున్న బ్యాకెండ్ లేవకపోతే జవాబు రాదు. డీ-బస్‌లో మామూలు గడువు 25 సెకన్లు. రంగు సంగతి తేలలేదని అంతసేపూ గుమ్మంలోనే నిలబడిపోతుంది మన ఎడిటర్.

స్వే, ఐ3 లాంటి విండో మేనేజర్లు వాడేవాళ్లకి ఈ బాధ ఎక్కువ. ఒక్కోసారి డిస్‌ప్లే వివరాలు సిస్టమ్‌డీ యూజర్ సెషన్‌కి అందవు, అప్పుడు పోర్టల్ బ్యాకెండ్ ఏ తెర మీద తెరుచుకోవాలో తెలియక చతికిలబడుతుంది.

స్నాప్ ప్యాకేజీల కథ వేరు. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వచ్చింది. కుదించిన స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్ నుంచి చదవాలి కాబట్టి అక్కడ సీపీయూకి నిజంగానే పని ఉంటుంది. రెండోసారి తెరిస్తే క్యాష్ పుణ్యమా అని త్వరగా వస్తుంది.

కాబట్టి మూసి మళ్లీ తెరవండి. రెండోసారీ అదే 25 సెకన్లయితే ఎస్‌ఎస్‌డీ కొనకండి, జర్నల్‌సీటీఎల్‌లో యూజర్ లాగ్ తెరిచి పోర్టల్ అన్న మాట కోసం వెతకండి.