సర్వనామములు – మర్యాద

సర్వనామమనగా అందఱి పేరు అని యర్థము. ఎవరికైనను వర్తించు చిన్నమాట యది. కాని మన గృహములలోని హెచ్చుతగ్గులు ఇట్టి చిన్నమాటలలోనే దాగియుండునని, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో ఆంగ్లము బోధించుటవలన మాకు తెలిసివచ్చినది.

మొదట వ్యాకరణమును చూతము. తెలుగు పిల్లలకు ఆంగ్ల సర్వనామములలో కలుగు చిక్కులు ముఖ్యముగ నాలుగు. మన క్రియయే కర్తను తెలుపును గనుక "వచ్చితిని" అన్న చాలును. ఆంగ్లమున "ఐ" అను మాట విడువరాదు. వాన కురియుటకు సైతము అచట "ఇట్" అను కర్త కావలెను. మనకు "మేము", "మనము" అని రెండు గలవు. వారికి "వి" యొక్కటే. వినువారు అందు చేరుదురో లేదో సందర్భమునుబట్టి గ్రహింపవలెను. మనము ఒక్కరమే మాటాడుచున్నను "మా అమ్మ", "మా ఆయన" అందుము; దానిని మాటకు మాటగా "అవర్ హస్బెండ్" అన్నచో వినువారు నవ్వుదురు; "మై" అనవలెను. నాలుగవది గౌరవ బహువచనము. "నాన్నగారు వచ్చినారు" అనుటకు "దే కేమ్" అనరాదు. తండ్రి యెంత పూజ్యుడైనను "హీ" యే.

ఈ కడపటి సూత్రము చెప్పినపుడెల్ల తరగతిలో కలవరము పుట్టును. "తాతగారిని హీ అనవచ్చునా?" అని పిల్లలు అడుగుదురు. అనవచ్చును. వాడు, అతడు, ఆయన యను మూడింటికిని అది యొక్కటే మాట. అచట గౌరవము కంఠస్వరమందును, తక్కిన మాటలందును ఉండును.

ఒకమాఱు, ఉదయమున ఇంటికి ఎవరెవరు వచ్చిరో ఆంగ్లమున వ్రాయుడని పిల్లలకు చెప్పితిమి. ఒక బాలిక తాతను "దే" అనియు, పాలు తెచ్చినవానిని "హీ" అనియు, గిన్నెలు తోము స్త్రీని "ఇట్" అనియు వ్రాసినది. ఇంట "అది వచ్చింది" అని పెద్దలనగా విన్నదానిని విన్నట్లే తర్జుమా చేసినది. తెలుగున స్త్రీలకును, పశువులకును, జడములకును ఏకవచనమున క్రియారూప మొక్కటే. చిన్నయసూరి మొదలగు వైయాకరణులు మహత్తు, అమహత్తు అను విభాగముతో దీనిని వివరించిరి. అది భాషాస్వభావము, దానికి ఎవరిని నిందింపనక్కఱలేదు. కాని "ఆమె" యను మాట మన యొద్ద నుండగా "అది" యనుట భాష చేసిన పని కాదు, మనము చేసినది. అమ్మమ్మగారు వచ్చినపుడు ఆ యింటనే "అది" యనరు గదా!

ఆంగ్లము చదివినచో సమత దానంతట వచ్చునని కొందఱందురు. మేము ఒప్పుకొనము. ఆంగ్లమునను ఒకప్పుడు తక్కువవారికి "దౌ", ఎక్కువవారికి "యూ" ఉండెడివి. "యూ" యనునది మన "మీరు" వలెనే మొదట బహువచనము. 17వ శతాబ్దమున క్వేకరులు అధికారులను సైతము "దౌ" అని పిలిచి, దూషణలకును దెబ్బలకును గురియైరి. కాలక్రమమున "దౌ" వాడుక తప్పి, పెద్దల మాట అందఱిదైనది. పోర్చుగీసు భాషలోని "వోసె" యు "తమ దయ" యను అర్థముగల గౌరవసంబోధన కుదించుకొని పుట్టినదే. నేడు బ్రెజిలులో అది సామాన్యుల మాట. మర్యాదమాట అందఱికిని పంచదగినదేయని వీనివలన తెలియుచున్నది. అయినను ఎల్లరను "యూ" అనుచునే ఆంగ్లేయులు మన దేశమునేలిరి. మాట సమమైనంత మాత్రమున మనుష్యులు సములు కారు.

మన ప్రాంతపు చరిత్రయు ఇదియే చెప్పుచున్నది. నిజాము కాలమున గడీల ముందర పేదవాడు "నీ బాంచెన్ దొరా" యని మ్రొక్కవలసివచ్చెడిది. అందు దొరకు చెందినది "నీ" యను ఏకవచనమే! అయినను ఆ మాటలో దాస్యము తప్ప చనువు లేదు. కోదాడ ప్రాంతమునందలి చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది. 1946 నుండి 1951 వఱకు సాగిన సాయుధపోరాటము ఆ దొరతనమును కదల్చినది. కాని దొరతనము గడీని విడిచినను, కొన్ని యిండ్ల వాకిళ్లలో ఇంకను మాటలయందు నిలిచియున్నది.

కావున మేము పిల్లలకు చెప్పు పరీక్ష యొక్కటే. మీరు ఒకరిని ఏ మాటతో పిలుతురో, వారు ఆ మాటతోనే మిమ్ము పిలువగలరా? అమ్మను "నువ్వు" అందురు. ఆమెయు మిమ్ము "నువ్వు" అనును. అందు ప్రేమ గలదు. డెబ్బదియేండ్ల కూలివానిని పదియేండ్ల బాలుడు "నువ్వు" అనగా, అతడు బాలుని "మీరు" అనవలసివచ్చినచోట ప్రేమయు లేదు, మర్యాదయు లేదు.

ఈ పాఠమునకు పుస్తకము చాలదు; చదువరుల యిండ్లే పాఠశాలలు కావలెను. పెద్దలు "ఆమె వచ్చినది" అనుట అలవాటు చేసికొన్ననాడు, పిల్లల "ఇట్" ను "షి" గా దిద్దు శ్రమ మాకు తప్పును.