ఉత్తరేణి – అపామార్గం

భాషలోని కొన్ని పదాలు అర్థంతోపాటు వాటిని వాడే సమాజపు తీర్పును కూడా మోసుకొని వస్తాయి. ‘నగరం’ నుండి పుట్టిన ‘నాగరికుడు’ అనే పదానికి సంస్కారవంతుడనీ, మర్యాద తెలిసినవాడనీ అర్థం స్థిరపడింది. ‘గ్రామం’ నుండి పుట్టిన ‘గ్రామ్యం’ అనే పదానికి మోటు అనే అర్థం వచ్చింది. ఆలంకారికులు గ్రామ్యతను కావ్యదోషాలలో ఒకటిగా లెక్కించారు. ‘పల్లెటూరి బైతు’ అన్నది నిఖార్సయిన నింద. ‘పట్నం షోకు’ అన్నది ఎత్తిపొడుపే అయినా, అందులో కొంత అసూయ కూడా కలిసి ఉంటుంది. మాటలలో ఇలా పేరుకుపోయిన తీర్పు ఒక పదహారేళ్ళ విద్యార్థి నోటిని ఎలా కట్టివేయగలదో విశాఖపట్నంలోని ఒక తరగతి గదిలో కనిపించింది.

వంశధార ఒడ్డునున్న ఒక పల్లెలో పదో తరగతి పూర్తి చేసిన కుర్రవాడు ఇంటర్మీడియట్ చదువుకోసం విశాఖపట్నంలోని మేనమామ ఇంటికి చేరాడు. మేనమామ కొడుకు కూడా అదే కళాశాలలో, అదే బై.పి.సి. తరగతిలో చేరాడు. పల్లె కుర్రవాడు నాలుగు నెలలు పెద్ద కావడంవల్ల అతడు బావ, నగరంలో పెరిగినవాడు బావమరిది. కళాశాల తెరిచిన మూడో వారంలో బావకు జ్వరం వచ్చింది. రెండు రోజులు తరగతికి రాలేదు. మూడోనాడు వృక్షశాస్త్ర అధ్యాపకుడు కారణం అడిగాడు.

“జొరమొచ్చీసినాది సార్” అని అతడు లేచి నిలబడి చెప్పాడు.

తరగతి గొల్లుమన్నది. అధ్యాపకుడు సైతం చిరునవ్వును దాచుకోలేకపోయాడు. అందరి నవ్వులకంటె అతనికి ఎక్కువ నొప్పి కలిగించినది పక్క బెంచీలో వినిపించిన బావమరిది నవ్వు.

ఆనాటి నుండి అతని మాట సన్నగిల్లింది. హాజరు పిలిచినప్పుడు “ఎస్ సార్” అనడం తప్ప తరగతిలో మరొక మాట లేదు. సమాధానం తెలిసినా లేచేవాడు కాదు. బస్సులో దిగవలసిన చోటు పేరు చెప్పి, సరిపడా చిల్లర కండక్టరు చేతిలో పెట్టేవాడు. టిఫిన్ దుకాణంలో పక్కవాని పళ్ళెం వైపు వేలు చూపి అదే కావాలనేవాడు. రాత్రిళ్ళు అమ్మకు ఫోను చేయవలసి వస్తే మేడ మీదికి వెళ్ళేవాడు. తన ఊరి మాటను ఇంట్లోవారి చెవిన కూడా పడనీయకూడదని అతని తాపత్రయం.

బావమరిది చెడ్డవాడు కాదు. బావకు జ్వరం తగిలిన రోజున ఆసుపత్రికి తీసుకొని వెళ్ళినవాడు అతడే. చీటీ ఏ కిటికీ దగ్గర తీసుకోవాలో, రక్తపరీక్షకు ఏ అంతస్తుకు వెళ్ళాలో ముక్కూ ముఖమూ తెలియని నలుగురిని నిస్సంకోచంగా అడిగి, గంటలో పని ముగించాడు. తానొక్కడే వెళ్ళి ఉంటే సాయంత్రందాకా ఆ వరండాలోనే నిలబడి ఉండేవాడినని బావకు తెలుసు. నగరంలో పెరిగినవారి చొరవను పల్లెవారు ఒక్కొక్కసారి అహంకారమని భ్రమపడతారు. నిజానికి అది వారు బతకడానికి నేర్చుకొన్న విద్య. పల్లెలో పనులు పరిచయంమీద సాగుతాయి. నగరంలో అపరిచితులతోనే సాగాలి. నిత్యం వేలమంది ఎదురయ్యే చోట ప్రతి ముఖానికీ మనసిస్తే మనిషి నిలువలేడు. అందుచేత నగరవాసి తన చుట్టూ కొంత ఉదాసీనతను కవచంలా ధరిస్తాడని జర్మన్ తాత్త్వికుడు జార్జ్ జిమ్మెల్ 1903లోనే వివరించాడు. ఆ ఉదాసీనతను నిర్దయగా భావించడం పల్లెవారు చేసే పొరపాటు.

వినాయక చవితి సెలవులకు ఇద్దరూ పల్లెకు వెళ్ళారు. పూజకు ఇరవై ఒక్క రకాల పత్రి కావాలి. నగరంలో ఏటా చవితి ముందురోజు సంతలో కట్టగా కొని తెచ్చిన ఆకులనే బావమరిది చూశాడు. పత్రి అంటే ఒకే రకం ఆకు కాబోలునని అతడు చిన్నతనంలో అనుకొనేవాడు. ఇక్కడ మాత్రం అత్త అతని చేతికి వ్రతకల్పం పుస్తకమిచ్చి, ఇద్దరినీ పొలం వైపు పంపింది. పుస్తకంలో అర్క, బదరీ, దత్తూర, సింధువార, అపామార్గ అని వరుసగా పేర్లున్నాయి. బావమరిది చదవగలిగాడు గాని, ఒక్క మొక్కనూ పోల్చుకోలేకపోయాడు. బావకు గట్టుమీది ప్రతి మొక్కా తెలుసు గాని, పుస్తకంలోని పేర్లు తెలియవు. పుస్తకం ఒకరిది, మొక్క మరొకరిది అయింది. ఇద్దరూ అరగంటసేపు తిరిగి వట్టి చేతులతో ఇంటికి వచ్చారు.

“అపామార్గమంటే మరేటో కాదు అల్లుడూ, మన ఉత్తరేణే” అని అత్త నవ్వింది. అర్కం జిల్లేడనీ, బదరి రేగనీ, దత్తూరం ఉమ్మెత్త అనీ, సింధువారం వావిలి అనీ ఆమె ఒక్కొక్కటే చెప్పింది. ఆపై పని సులువయింది. ఒకడు పేరు చదివితే మరొకడు ఆకు కోశాడు. దొరకని వాటికి బదులు అక్షతలు వేయవచ్చునని అత్త ముందే చెప్పింది. ఇల్లు చేరేసరికి బావమరిది ప్యాంటు నిండా ఉత్తరేణి గింజలు అంటుకొని ఉన్నాయి. విత్తనాలు జంతువుల మేనికి, మనుషుల బట్టలకు అంటుకొని వ్యాపిస్తాయన్న పాఠం అతడు చదివినదే. పాఠం తన ప్యాంటుకు అంటుకోవడం మాత్రం అదే మొదటిసారి.

మరునాడు ఇద్దరూ మడి గట్టుమీద నడుస్తున్నారు. నాటు వేసి నెల దాటిన వరిలో ఆడకూలీలు కలుపు తీస్తున్నారు. ఒక ముసలమ్మ వంగిన నడుము ఎత్తకుండా కొన్ని మొక్కలను పీకి, వాటి పక్కనే ఉన్న అచ్చం అటువంటి మొక్కలను వదిలిపెడుతున్నది. ఏ ఆధారంతో అలా చేస్తున్నదో బావమరిదికి బోధపడలేదు. అడిగాడు. ఆమె రెండు మొక్కలను పక్కపక్కన పట్టుకొని చూపింది.

“ఆకు కాడకి అతుక్కున్న చోట సూడు బాబూ. వరికైతే ఇక్కడ తెల్లపొర ఉంటాది. ఊదకుండదు.”

ఆ పొరనే వృక్షశాస్త్రం లిగ్యూల్ అంటుంది. ఊద గడ్డి లేత వయసులో వరిని పోలి ఉంటుంది. పూత వచ్చేదాకా ఆగితే అప్పటికే అది పైరు తినవలసిన ఎరువును తినివేస్తుంది. బడి గడప తొక్కని ఆ ముసలమ్మకు ఈ విషయం శాస్త్రంగా తెలియదు. ఆమె వేళ్ళకు తెలుసు.

ఇటువంటి ఎరుక పల్లెల మాటలలో నిక్షిప్తమై ఉన్నదని పండితులు గుర్తించకపోలేదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశాన్ని ప్రకటించింది. రైతులు, కూలీలు వాడే పదాలను ఊరూరా తిరిగి సేకరించి కూర్చిన గ్రంథమది. అంతకు పూర్వం గిడుగు రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాషకోసం పోరాడినప్పుడు, ప్రతిపక్షులు ఆ భాషను ‘గ్రామ్యం’ అనే పేరుతోనే నిరసించారు. గిడుగు జన్మస్థలమైన పర్వతాలపేట కూడా వంశధారా తీరప్రాంతమే. తరగతి నవ్విన ఆ యాస ఆయన చిన్ననాడు విన్న యాస. ఇంకా వెనుకకు వెళ్తే, పల్లె జీవితాన్ని చిత్రించిన ప్రాకృత గాథలను సప్తశతిగా సంకలనం చేసినవాడు శాతవాహన ప్రభువు హాలుడని ప్రసిద్ధి. కాపుల, గొల్లల మాటలకు రాజసభలో పీట వేసిన సంప్రదాయం ఈ నేలకు కొత్త కాదు.

అయితే పల్లెను ఆకాశానికెత్తి నగరాన్ని నేలకు దించడం కూడా న్యాయం కాదు. ఆ సంగతిని ముసలమ్మే బయటపెట్టింది. ఆమె మనుమడు విశాఖపట్నంలో పనిచేస్తున్నాడు. పండుగకు కూడా ఊరికి రాలేదు. ఎందుకని అడిగితే, “ఆ ఊళ్ళో నువ్వే ఈదోడివని ఎవులూ అడగరట బాబూ. ఆడికది బాగుందట” అన్నది.

పల్లెలో కొత్తవాడు కనబడగానే, ‘ఏ ఊరు? ఎవరి అబ్బాయివి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నలో ఆత్మీయత ఉంది. ఊరివాడి కొడుకని తెలిస్తే మంచినీళ్ళిస్తారు, మజ్జిగ ఇస్తారు, దారి చూపుతారు. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పినంత మాత్రాన గడప వెలుపల నిలిచిపోవలసినవారు కూడా తరతరాలుగా ఉన్నారు. వారికి అదే ప్రశ్న కంచె. గాంధీజీ గ్రామాలే స్వరాజ్యానికి పునాది కావాలని ఆశించగా, డాక్టర్ అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ప్రసంగిస్తూ, గ్రామం సంకుచితత్వానికీ అజ్ఞానానికీ ఆలవాలమని నిశితంగా విమర్శించడంలోని ఆంతర్యం ఇదే. ఎవరూ ఏమీ అడగని నగరం ఒకరికి ఒంటరితనం, మరొకరికి ఊపిరి. ఆ నగరం కూడా పూర్తిగా మారిపోలేదు. అద్దె ఇల్లు వెతికేటప్పుడు, “మీరేవిట్లు?” అనే ప్రశ్న చదువుకొన్న నోళ్ళనుండే మెత్తగా వినిపిస్తుంది.

1892లో తొలిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’లో గురజాడ అప్పారావు ఈ రెండు లోపాలనూ ఒకేచోట చూపాడు. పట్టణపు మెరుగుతో, నాలుగు ఇంగ్లీషు ముక్కలతో అగ్రహారాన్ని బోల్తా కొట్టించిన గిరీశం ఒకవైపు, పసిపిల్లలను వృద్ధులకు అమ్ముకొనే అగ్రహారం మరొకవైపు. నాగరికత నగరంలోనే ఉన్నదనేవారికీ, మంచితనం పల్లెలోనే ఉన్నదనేవారికీ ఆ నాటకంలో ఆసరా దొరకదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశ ప్రజలలో 68.84 శాతం గ్రామాలలో, 31.16 శాతం పట్టణాలలో నివసిస్తున్నారు. ఒక ఊరిని ఆ లెక్కలలో పట్టణంగా పరిగణించాలంటే సాధారణంగా కనీసం 5,000 జనాభా ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది నివసించాలి. ప్రధాన శ్రామికులైన పురుషులలో కనీసం 75 శాతం వ్యవసాయేతర వృత్తులలో ఉండాలి. ప్రభుత్వపు కొలతలు ఇంతటితో ముగుస్తాయి. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్నది ఆ కొలతలలో లేదు. అది మనుషులు తరువాత చేర్చుకొన్నది. నగరంలో పెరిగినవారికీ పల్లెలో పెరిగినవారికీ తేడా ఉన్నమాట నిజం. ఆ తేడా తెలివిలో లేదు; బతుకు ఎవరికి ఏది నేర్పిందన్న దానిలో ఉంది. తేడాను చూడడం తప్పు కాదు. దానిని మెట్లుగా పేర్చి, ఒకరిని పై మెట్టుమీద, మరొకరిని కింది మెట్టుమీద నిలబెట్టడం తప్పు. కింద నిలబడినవాడు మాట మానేస్తే, అతడు చెప్పగలిగినది వినే అదృష్టాన్ని పైనున్నవాడే కోల్పోతాడు.

సెలవులు ముగిసిన పది రోజులకు వృక్షశాస్త్ర తరగతిలో గడ్డిజాతి మొక్కల పాఠం వచ్చింది. పూత రాకముందు వరినీ ఊదనూ ఎలా వేరుచేస్తారని అధ్యాపకుడు ప్రశ్నించాడు. తరగతి మౌనం వహించింది. బావమరిదికి జవాబు తెలుసు. చెప్పడానికి సగం లేచాడు. పక్కన తల దించుకొని కూర్చొన్న బావను చూసి ఆగాడు.

“మా బావకు తెలుసు సార్” అన్నాడు.

అధ్యాపకుడు ఎదురుచూశాడు. పల్లె కుర్రవాడు లేవడానికి చాలాసేపు పట్టింది.

“ఆకు కాడకి అతుక్కున్న చోట వరికి తెల్లపొర ఉంటాది సార్. ఊదకుండదు.”

వెనుక బెంచీలలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు ముందు వరుసదాకా రాలేదు. అధ్యాపకుడు ఈసారి నవ్వలేదు. “ఎవరు నేర్పారు?” అని అడిగాడు. “మా ఊర్ల కలుపు తీసే ముసలమ్మ సార్” అని సమాధానం వచ్చింది. ఆయన నల్లబల్ల వైపు తిరిగి ‘తెల్లపొర’ అని రాసి, దాని పక్కన ‘లిగ్యూల్’ అని రాశాడు.

ఆ రాత్రి ఆ కుర్రవాడు అమ్మకు ఫోను చేయడానికి మేడ మీదికి వెళ్ళలేదు.