ఇంటిముంగిటి నిలువుచెట్లు
తెనాలి – బాపట్ల – రేపల్లె

పెరడుగల యిల్లు భాగ్యమని మన పెద్దలనెడివారు. పట్టణములలో ఆ భాగ్యము నానాటికి కుంచించుకొని పోవుచున్నది. ప్రహరిగోడకును వీధిగుమ్మమునకును నడుమ నాలుగు గజముల నేల మిగిలినను సంతసింపవలసిన దినములివి. అట్టిచోట వేపయు మామిడియు కొమ్మలు చాచుటకు తావు లేదు. కావుననే సన్నముగ, నిటారుగ, ఏడాది పొడుగున పచ్చగ నుండు చెట్లపై గృహిణులకు మక్కువ కలుగుచున్నది. ఆగ్రాలో తాజమహలు ముందఱ వరుసదీరిన సైప్రసు చెట్లను చిత్రములలోనైన చూడనివారుండరు. మన కృష్ణా డెల్టాలో ఆ స్థానమున నిలువదగిన చెట్లేవి? ఈ ప్రశ్నను మనసున నుంచుకొని మేము మూడు పట్టణములు చూచి వచ్చితిమి. తెలిసికొన్నది సోదరీమణులకు విన్నవించుచున్నాము.

తెనాలి కాలువల యూరు. 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్ట వలనను, 1957 నుండి ప్రకాశం బారేజి వలనను వచ్చిన నీరే ఈ ప్రాంతపు పచ్చదనమునకు మూలము. ఏవీధికి బోయినను ఒక చెట్టు మా కంటబడుచునే యుండెను. గొడుగును ముడిచి నిలబెట్టినట్లు దాని కొమ్మలన్నియు మ్రానునంటి క్రిందికి వ్రేలాడును. ఆకులు పొడవైనవి, నిగనిగలాడునవి. వాని యంచులు అలలవలె వంకరదేలి యుండును. లేతచిగుళ్లు రాగివన్నెతో ముద్దుగొలుపును. పండుగనాడు తోరణములలో మామిడాకుతోపాటు దీని యాకును గూడ కట్టుదురు. ఎవ్వరి నడిగినను ‘అశోకచెట్టు’ అనియే చెప్పిరి.

కాని యిది అశోకము కాదు. దీని పేరు నరమామిడి; సీతాఫలపు కుటుంబములోనిది. దక్షిణ హిందూదేశమును సింహళమును దీని పుట్టినిండ్లు. తెరచాపలతో ఓడలు నడచిన కాలమున దీని నిటారు మ్రాకులను ఓడస్తంభములుగ వాడెడివారు. వేసవి తొలినాళ్ల పూచు దీని లేతాకుపచ్చ పూలు ఆకులలో గలిసిపోయి యెవరి దృష్టికిని రావు. పిదప నల్లనిపండ్లు గుత్తులుగ పండగా గబ్బిలములును కోకిలలును వచ్చి తినిపోవును.

లంకలో సీతాదేవి యున్న వనమునకు పేరిచ్చిన అశోకము వేఱు. అది కొమ్మలు చాచి నీడనిచ్చు చెట్టు. దాని ఈనెకు ఇరుప్రక్కల ఆకులు జంటలుగ నుండును. పూలు గుత్తులుగ నారింజవన్నెతో విచ్చి క్రమముగ ఎఱ్ఱబాఱును. నరమామిడికి ఆకులు విడివిడిగ నుండును. ఈ రెండు గుర్తులు తెలిసినచో ఏ యిల్లాలును పొరబడదు.

ఈ పేరుల తాఱుమాఱు వట్టి మాటల పట్టింపు కాదు. అశోకపట్ట స్త్రీల రుగ్మతలకు ఆయుర్వేదమున ప్రసిద్ధమైన మందు. అంగళ్లలో అశోకపట్ట యను పేర నరమామిడిపట్ట కలిసి వచ్చుచున్నట్లు ఓషధులను పరీక్షించువారు పలుమాఱులు కనిపెట్టిరి. పట్టకొఱకు కొట్టికొట్టి అసలు అశోకమును అడవులలో అరుదు చేసితిమి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దానిని ముప్పునకు గురియైన చెట్ల పట్టికలో చేర్చినది. కావున మన ముంగిటనే అశోకమున్నది గదాయని పట్ట చెక్కి కషాయము కాచుకొను సాహస మెవ్వరును చేయవలదు. నెలసరి బాధలకును అధికస్రావమునకును వైద్యుల జూచుటయే యుక్తము.

తెనాలిలో రైలెక్కి, నిడుబ్రోలు దాటి బాపట్ల చేరితిమి. 1945లో నెలకొన్న వ్యవసాయ కళాశాల ఈ యూరికి అలంకారము. అచ్చటినుండి సుమారు 9 కిలోమీటర్లు పోయిన సూర్యలంక సముద్రతీరము వచ్చును. నేల యిసుక, గాలి యుప్పన. ఇచ్చటి నిలువుచెట్టు సరుగుడు. మనము ఆకులనుకొను ఆ సన్నని పోచలు నిజముగ కణుపులుగల రెమ్మలే. అసలైన ఆకులు ఆ కణుపులచుట్టు పొలుసులవలె నంటియుండును. దీని వేళ్లలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టునకు అందించును. అందుచేతనే సారములేని యిసుకలోను ఇది ఏపుగ పెరుగును. పందిరిగుంజలకు, వంటచెఱకునకు, కాగితపు గుజ్జునకు ఇది పనికివచ్చును. తోపుగ పెరిగి సముద్రపుగాలి వడిని తగ్గించుటయే దీని గొప్పసేవ. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్లకు చేరువనే తీరము దాటినది. అట్టి గాలులు వచ్చుచోట ఇంటి గోడనానుకొని ఒంటి సరుగుడును ఎత్తుగ పెంచుట క్షేమము కాదు. కత్తిరించి కంచెగ పెంచుకొనుటయే మేలు.

రేపల్లెకు పోవలెనన్న తిరిగి తెనాలికి వచ్చి వేఱొక రైలు మార్గము పట్టవలయును. వేమూరు, బౌద్ధస్తూపముచే పేరొందిన భట్టిప్రోలు దాటుచుండగా పొలముగట్లపై తాళ్లు బారులుదీరి కనబడును. నిలువుచెట్లలో మనకు అనాదినుండి చుట్టమైనది తాడియే. ముంజలు, పండ్లు, తేగలు, ఇంటికప్పునకు కమ్మలు—దీనిలో పనికిరానిది లేదు. రేపల్లెలో నొక వృద్ధురాలిని, “ఇంతమంచి చెట్టును ఇంట నాటరేమి అవ్వా?” యని యడిగితిమి. ఆమె నవ్వి, “మట్ట రాలితే బిడ్డల నెత్తిన పడదా అమ్మా! దాన్ని గట్టుమీదే ఉండనియ్యండి” అనెను. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన ఈ తీరమున వేలకొలది ప్రాణములను గొన్నది. ఇక్కడివారికి చెట్టనగా అందము మాత్రమే కాదు. గాలివాననాడు అది యెటు పడునో యను విచారమును గూడ.

ఇక నాటుట. నరమామిడి గింజలు త్వరలోనే మొలకెత్తు శక్తిని గోల్పోవును. పండ్లు రాలినవెంటనే వానలలో పాతవలయును. మన నల్లరేగడి వేసవిలో బీటలువాఱి వానలలో ఉబ్బును, నీరును నిలుపును. కనుక మన్ను పోసి దిబ్బచేసి నాటుడు. గోడకు 6 అడుగులైన ఎడముంచుడు. వరుసగ నాటునప్పుడు చెట్టునకు చెట్టునకు 5 అడుగుల దూరము చాలును. విద్యుత్తు తీగలక్రింద నాటరాదు. తల నరికినచో దాని నిటారు సొగసు చెడును. ఆకులు ఏడాది పొడుగున రాలును గావున చీపురుపని తప్పదు; విశాలమైన నీడను ఆశింపరాదు. బావినీరు ఉప్పనైనచోట దీనికంటె కొబ్బరి మేలు. దానినిగూడ ఇంటికప్పునకును పిల్లలాడు చోటునకును దూరముగ పెరటిమూలను నాటుడు.

రూపము చూచి చెట్టును తెచ్చుకొనుట సులభము. దాని పేరు, స్వభావము, మన నేల, మన గాలి తెలిసికొని తెచ్చుకొన్నచో అది మన పిల్లల కాలమునకును తోడై నిలుచును. వచ్చు తొలకరికి ముందుగ, సోదరీమణులారా, మీ బావినీటిని రుచిచూచి, మీ ముంగిటి చెట్టు యాకును పరికించి చూడుడు.